కాలేజీకి వీలునామాలో వాటా రాసేవాళ్ళు అసలు ఎందుకు రాస్తారు?

అడ్డప్రశ్న
అమెరికా కాలేజీలు పాత విద్యార్థులకు పంపే కవర్లు రెండు రకాలు. ఒకటి ఏటా వచ్చే చందా కాగితం. అది సరే, యాభయ్యో వందో పడేస్తే ఆ ఏడాదికి ఊరుకుంటారు. రెండోది ప్లాన్డ్ గివింగ్ అని, నున్నటి కాగితం మీద: వీలునామాలో వాటా రాయండి, ఐ.ఆర్.ఏ.కి (రిటైర్మెంటు పొదుపు ఖాతాకి) మా పేరు పెట్టండి, ఇల్లు మాకు రాసి అందులోనే ఉండండి, డబ్బిస్తే బతికినన్నాళ్ళూ మేమే మీకు ఇస్తాం. ఇవి నిజంగా చేసేవాళ్ళున్నారా? కడుపున పుట్టినవాళ్ళుండగా, ఇప్పటికే బిలియన్లు మూలుగుతున్న కాలేజీకి ఎందుకు రాస్తారు? ఎవర్నడిగినా పన్ను కోసం అంటారు. మరి పోయినవాళ్ళ ఆస్తి మీద వేసే ఎస్టేట్ టాక్సు మామూలు వాళ్ళకి తగలదు కదా. నాకైతే లెక్క కుదరడం లేదు.

లెక్కలమాస్టారు
అనుమానం సరైనదే. 2026 నుంచి ఫెడరల్ ఎస్టేట్ టాక్సు మినహాయింపు మనిషికి 1.5 కోట్ల డాలర్లు, దంపతులకు 3 కోట్లు. ఆ పైన ఉన్నదానికే 40 శాతం. ఈ గీత దాటే కుటుంబాలు చాలా తక్కువ. అయినా వీలునామాల మీద కాలేజీలకు డబ్బు వెళ్తూనే ఉంది. అంటే అసలు కారణం ఆ పన్ను కాదన్నమాట.

ఫారం706
చిన్న సవరణ మాస్టారూ. రాష్ట్రాల ఎస్టేట్ టాక్సు వేరే ఉంది. ఒరెగాన్‌లో 10 లక్షల డాలర్లకే మొదలు, మసాచుసెట్స్‌లో 20 లక్షలకి. అక్కడ ఓ ఇల్లూ, ఇద్దరి 401(కె)లూ (ఉద్యోగంలో కూడబెట్టే రిటైర్మెంటు ఖాతాలు) కలిపితేనే గీత దాటిపోతారు. అలాంటివాళ్ళు కాలేజీకి రాసింది పన్ను లెక్కలోంచి పూర్తిగా తీసేస్తారు. కాబట్టి ఏ రాష్ట్రంలో ఉన్నారో చూడకుండా "తగలదు" అనేయకండి.

కంచిగరుడసేవ
ఇంత లెక్కెందుకు? గోడ మీద పేరు చెక్కిన పలక. అయిపోయింది. తాళం వేసేయండి ఈ చర్చకి.

వీలునామా_వెంకట్
పలక కావాలనుకున్నవాడు బతికుండగా చెక్కు రాసి, రిబ్బను కత్తిరించి, ఫొటో దిగుతాడు. వీలునామాలో రాసినవాడు ఆ పలక చూడడు కదా గరుడసేవ గారూ. కొన్ని కాలేజీలు లెగసీ సొసైటీ అని పెట్టి ఏటా ఓ భోజనం పెడతాయి, అంతే.

ఎవరు రాస్తారు అన్నదాని మీద అమెరికాలో బాగానే పరిశోధన జరిగింది. టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో రసెల్ జేమ్స్ అనే ఆచార్యుడు వృద్ధుల మీద ఏళ్ళ తరబడి సాగే జాతీయ సర్వే సమాచారం పట్టుకుని చేసిన పని ముఖ్యమైనది. వీలునామాలో దానం ఉంటుందా లేదా అన్నది అన్నిటికంటే గట్టిగా పట్టిచ్చే సంగతి ఆస్తి కాదు, చదువూ కాదు. సంతానం లేకపోవడం. కాబట్టి "పిల్లల్ని పక్కనపెట్టి" అనే మాట చాలామంది విషయంలో అసలు వర్తించదు. పక్కనపెట్టడానికి అక్కడ పిల్లలే లేరు.

రెండో సంగతి, ఇలా రాసేవాళ్ళు పెద్ద ధనవంతులే కానక్కర్లేదు. ఏళ్ళకేళ్ళుగా మానకుండా చిన్న చిన్న చెక్కులు పంపినవాళ్ళే చివరికి వీలునామాలోనూ రాస్తారని కాలేజీల నిధుల విభాగంలో పనిచేసే ఎవర్నడిగినా చెప్తారు. ఒక్కసారి భారీగా ఇచ్చి మాయమైనవాళ్ళకంటే వీళ్ళనే ఎక్కువ నమ్ముకుంటారు.

మూడోది, నా దృష్టిలో ఇదే అసలైనది: బతికుండగా పెద్ద మొత్తం వదులుకోవడం భయం. ఎన్నేళ్ళు బతుకుతామో తెలీదు, చివరి రెండేళ్ళు నర్సింగ్ హోమ్‌లో గడిస్తే ఎంత కావాలో తెలీదు. ఇవ్వాలని మనసులో ఉంటుంది, చెయ్యి రాదు. వీలునామా ఆ ముడి విప్పుతుంది. ఇవాళ పైసా కదలదు, రేపు అవసరం పడితే మొత్తం వాడేసుకోవచ్చు, మనసు మారితే కొట్టేసుకోవచ్చు, మిగిలితేనే కాలేజీకి.

తెల్లకాగితం
వెంకట్ గారి మూడో పాయింటుకి ఒక అనుబంధం. ఇవ్వకపోవడానికి పెద్ద కారణం ఎవరూ అడగకపోవడం. 2013లో బ్రిటన్‌లో వీలునామాలు రాసే సంస్థ ఒకదానితో ప్రభుత్వపు బృందం ప్రయోగం చేసింది. అడగనప్పుడు 5 శాతం మంది దానం రాశారు. "ఏదైనా ధర్మసంస్థకి రాస్తారా" అని ఒక్క ప్రశ్న వేస్తే 10 దాటింది. "మీ మనసుకి దగ్గరైన పని ఏదైనా ఉందా" అన్నట్టు అడిగితే 15 దాటింది. అలాంటి మనుషులే, అలాంటి ఆస్తులే. మీకొచ్చే నున్నటి కాగితం ఆ ప్రశ్నే అడుగుతోంది.

అడ్డప్రశ్న
సరే, సంతానం లేనివాళ్ళ సంగతి ఒప్పుకున్నా. పిల్లలున్నవాళ్ళు? వాళ్ళ నోటి దగ్గరది తీసి ఇవ్వడమే కదా.

పన్నులపంతులు
ఏ సొమ్ము ఎవరికి అన్నది సరిగ్గా పంచితే పిల్లలకు తగ్గేది మీరనుకున్నంత ఉండదు. పన్ను ఇక్కడ పనికొస్తుంది. ఎస్టేట్ టాక్సు కాదు, ఇన్‌కమ్ టాక్సు.

ఒకరి దగ్గర మామూలు ఐ.ఆర్.ఏ.లో 3 లక్షల డాలర్లు, బయట షేర్లు 3 లక్షలు ఉన్నాయనుకోండి. షేర్లు కొన్నది లక్షకి. సగం కూతురికి, సగం కాలేజీకి ఇవ్వాలని ఉంది.

ఐ.ఆర్.ఏ. కూతురికిస్తే: 2020 నుంచి పోయినవాళ్ళ ఖాతాలకు సెక్యూర్ చట్టం వర్తిస్తుంది. పెద్దయిన పిల్లలు పదేళ్ళలో ఖాతా మొత్తం ఖాళీ చేయాలి. తీసిన ప్రతి డాలరూ ఆమె జీతం మీద కలుస్తుంది. ఆ పదేళ్ళూ సాధారణంగా ఆమె సంపాదన బాగా ఉన్న వయసులోనే పడతాయి. 24 శాతం శ్లాబులోనే ఉందనుకున్నా 72 వేలు ఫెడరల్ పన్నుకే పోతాయి, చేతికొచ్చేది 2,28,000. రాష్ట్రం పన్ను అదనం.

షేర్లు కూతురికిస్తే: తల్లిదండ్రులు పోయిన రోజు ధరే కొన్న ధర అవుతుంది. మర్నాడే అమ్మినా ఆ 2 లక్షల లాభం మీద పన్ను సున్నా. 3 లక్షలూ ఆమెవే.

ఇక కాలేజీ పన్ను కట్టని సంస్థ. షేర్లిచ్చినా, ఐ.ఆర్.ఏ. ఇచ్చినా దానికి 3 లక్షలు 3 లక్షలే. కాబట్టి ఐ.ఆర్.ఏ. కాలేజీకి, షేర్లు కూతురికి. ఎదురు తిప్పి రాస్తే కూతురు 72 వేలు పోగొట్టుకుంటుంది, కాలేజీకి ఒక్క డాలరు కూడా అదనంగా రాదు. చాలామంది ఎదురే తిప్పి రాస్తారు.

ఒక జాగ్రత్త: రాత్ ఐ.ఆర్.ఏ. (పన్ను ముందే కట్టి దాచుకున్న ఖాతా) ఉంటే అది మాత్రం పిల్లలకే. వాళ్ళు తీసుకున్నా దానికి పన్ను లేదు, కాలేజీకి రాస్తే ఆ సదుపాయం వృథా.

సగంచదువు
అంటే వీలునామాలో "నా ఐ.ఆర్.ఏ. ఫలానా కాలేజీకి" అని రాస్తే చాలా?

ఫారం706
వద్దు! ఐ.ఆర్.ఏ., 401(కె), లైఫ్ ఇన్సూరెన్సు ఇవన్నీ బెనిఫిషియరీ ఫారం (మీరు పోయాక ఎవరికో ఖాతా సంస్థకి రాసిచ్చేది) మీద నడుస్తాయి, వీలునామా మాట వినవు. వీలునామాలో కాలేజీ పేరుండి, ఇరవై ఏళ్ళ కిందటి ఫారంలో అన్న పేరుంటే అన్నకే పోతుంది.

ఈ ఫారం దగ్గర జరిగే పొరపాట్లు చెప్తా, గుర్తుపెట్టుకోండి.

పేరు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి దానాలు పుచ్చుకునేది వేరే ఫౌండేషను. "స్టేట్ యూనివర్సిటీ" అని రాసి ఊరుకుంటే యూనివర్సిటీకా, ఫౌండేషనుకా, అలమ్నై సంఘానికా, ఫుట్‌బాల్ క్లబ్బుకా అని తర్వాత లాయర్లు కూర్చుంటారు. చట్టబద్ధమైన పూర్తి పేరు, పన్ను గుర్తింపు సంఖ్య రెండూ కాలేజీ నుంచే అడిగి తీసుకోండి.

భార్యాభర్తల సంతకం. 401(కె)లో జీవిత భాగస్వామి కాకుండా ఇంకెవరి పేరు పెట్టాలన్నా వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, నోటరీ ముందో ప్లాన్ ప్రతినిధి ముందో. అది లేకపోతే ఫారం చెల్లదు. ఐ.ఆర్.ఏ.కి ఫెడరల్ చట్టంలో ఆ నిబంధన లేదు గానీ కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్ లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అనే) రాష్ట్రాల్లో సగం వాళ్ళదే, సంతకం తీసుకోవడమే మంచిది.

ఒకే ఖాతాలో పిల్లల్నీ కాలేజీనీ కలపడం. చనిపోయిన మరుసటి ఏడాది సెప్టెంబరు 30 లోపు కాలేజీ వాటా చెల్లించేయాలి, లేదా డిసెంబరు 31 లోపు ఖాతా విడగొట్టాలి. రెండూ జరక్కపోతే పిల్లల పదేళ్ళ గడువు కూడా చెడిపోవచ్చు. దీనికంటే బతికుండగానే కాలేజీ కోసం వేరే ఐ.ఆర్.ఏ. తెరిచి అందులోకి కొంత మార్చుకోవడం తేలిక. మార్చడానికి పన్ను లేదు.

నిర్ణీత మొత్తం. ట్రస్టులోనో వీలునామాలోనో "కాలేజీకి 50 వేలు" అని రాసి, దాన్ని ఐ.ఆర్.ఏ. సొమ్ముతో తీర్చబోతే ఎస్టేట్ ఆ 50 వేలనూ ఆదాయంగా చూపాల్సి రావచ్చు. అనుకున్న లాభం పోయినట్టే. ఫారంలో శాతం రాయండి.

నిమ్మకాయ
ఫుట్‌బాల్ క్లబ్బుకి పోయినా కాలేజీకి పోయినట్టే లెండి, జీతాలు చూస్తే కోచ్‌దే పెద్దది.

రాత్రిషిఫ్ట్
చనిపోయాకేనా అన్నీ? ఐ.ఆర్.ఏ. నుంచి బతికుండగానే కాలేజీకి పంపే పద్ధతి ఒకటుందని విన్నా.

పన్నులపంతులు
క్యు.సి.డి. (క్వాలిఫైడ్ చారిటబుల్ డిస్ట్రిబ్యూషన్) అంటారు. వయసు డెబ్భై ఏళ్ళ ఆరు నెలలు నిండాలి. డెబ్భై దాటిన సంవత్సరం కాదు, ఆరు నెలలు నిండిన రోజు. ముందు రోజు పంపినా చెల్లదు. 2025లో మనిషికి ఏడాదికి 1,08,000 డాలర్ల దాకా, ఏటా ద్రవ్యోల్బణంతో పెరుగుతుంది. ఈ సొమ్ము ఆదాయంలో కలవదు. 73 ఏళ్ళకి మొదలయ్యే, ఖాతా నుంచి ఏటా కొంత తీయాల్సిన తప్పనిసరి ఉపసంహరణ కింద కూడా లెక్కకొస్తుంది.

దీని బలం ఎక్కడంటే, చాలామంది స్టాండర్డ్ డిడక్షనే (లెక్కలు చూపకుండా అందరికీ ఇచ్చే తగ్గింపు) తీసుకుంటారు. 2025కి దంపతులకు 31,500. అలాంటివాళ్ళు మామూలుగా దానం చేస్తే పన్నులో దాదాపు ఏమీ కలిసిరాదు. 2026 నుంచి నగదు దానానికి దంపతులకు 2,000 దాకా ఇస్తున్నారు, అంతే. ఐటమైజ్ చేసేవాళ్ళకి (ఖర్చులు, దానాలు విడివిడిగా చూపేవాళ్ళకి) కూడా ఆదాయంలో 0.5 శాతం దాటినదే లెక్క. క్యు.సి.డి.కి ఈ గొడవే లేదు. అది అసలు ఆదాయంలోకే రాదు కాబట్టి మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) ప్రీమియం పెరగడం, సోషల్ సెక్యూరిటీ పెన్షన్ మీద పన్ను పెరగడం లాంటివి కూడా తప్పుతాయి.

చెడగొట్టుకునే దారులు: డబ్బు ముందు తన బ్యాంకులోకి తెచ్చుకుని తర్వాత కాలేజీకి పంపడం (చెల్లదు, ఖాతా సంస్థ నుంచి నేరుగా వెళ్ళాలి). 401(కె) నుంచి పంపబోవడం. మీ సలహా మీద దానాలు పంచే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌కి పంపడం. బదులుగా విందు టికెట్లు పుచ్చుకోవడం. ఐ.ఆర్.ఏ. చెక్కుబుక్కుతో డిసెంబరు 28న చెక్కు పోస్టు చేయడం: కాలేజీ ఆ ఏడాదే జమ చేసుకోకపోతే ఆ ఏటి లెక్కలో పడదు. ఇంకొకటి, ఏడాది మొదట తీసిన డబ్బే తప్పనిసరి ఉపసంహరణ కింద ముందు లెక్కకొస్తుంది. జనవరిలో సొంతానికి తీసేసుకుని నవంబరులో కాలేజీకి పంపితే, ముందు తీసినదాని మీద పన్ను తప్పదు.

లెక్కలమాస్టారు
పంతులు గారు చెప్పినదానికి తోక: ఖాతా సంస్థ పంపే 1099-ఆర్ కాగితం చూసి ఇదంతా ఆదాయమే అనుకుని పన్ను కట్టేసేవాళ్ళున్నారు. రిటర్నులో పక్కన క్యు.సి.డి. అని చూపించాలి. కాలేజీ ఇచ్చే రసీదు దాచుకోవాలి.

అడ్డప్రశ్న
మరి డబ్బిస్తే బతికినన్నాళ్ళూ ఇస్తాం అనేది? కాలేజీ చిట్‌ఫండ్ నడుపుతోందా?

ట్రస్టీబాబు
దాన్ని చారిటబుల్ గిఫ్ట్ యాన్యుటీ అంటారు, మీరనుకునేదానికంటే పాతది. 1831లో చిత్రకారుడు జాన్ ట్రంబుల్ తన బొమ్మలు యేల్ కాలేజీకిచ్చి ఏటా 1,000 డాలర్లు ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నాడు. ముసలితనంలో చేతిలో డబ్బు లేదు, బొమ్మలున్నాయి. కాలేజీకి బొమ్మలు కావాలి. ఎందుకిస్తారు అన్న మీ మొదటి ప్రశ్నకి ఇదీ ఒక జవాబే: కొందరికి ఇవ్వాలనీ ఉంటుంది, తినాలి కూడా.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. చాలా కాలేజీలు అమెరికన్ కౌన్సిల్ ఆన్ గిఫ్ట్ యాన్యుటీస్ సూచించే రేట్లు వాడతాయి. 2024 జనవరి నుంచి ఒక్క మనిషికి 65 ఏళ్ళకి 5.7 శాతం, 70కి 6.3, 75కి 7.0, 80కి 8.1. 75 ఏళ్ళ మనిషి 25 వేలు ఇస్తే ఏడాదికి 1,750, మూడు నెలలకోసారి 437 డాలర్ల 50 సెంట్లు. బతికినన్నాళ్ళూ అంతే, పెరగదు, తరగదు. ఇద్దరి పేర రాస్తే రేటు తగ్గుతుంది. కనీస మొత్తం, కనీస వయసు ఒక్కో కాలేజీ ఒక్కోలా పెడుతుంది, 10 వేలకీ 25 వేలకీ మధ్య తరచు కనిపిస్తుంది.

నగదుతో ఇస్తే వచ్చే ప్రతి చెల్లింపులో కొంత అసలు తిరిగొచ్చినట్టు లెక్క, దాని మీద పన్ను లేదు. పెరిగిన షేర్లతో ఇస్తే లాభం మీద పన్ను కొంత పోతుంది, మిగతాది ఏళ్ళ మీద పరుచుకుంటుంది. షేర్లు మీరు అమ్మి డబ్బు ఇవ్వకండి, షేర్లే బదిలీ చేయండి. 2023 నుంచి ఐ.ఆర్.ఏ.తో కూడా జీవితంలో ఒక ఏడాది మాత్రం చేయొచ్చు, 2025లో హద్దు 54 వేలు. అప్పుడు మాత్రం వచ్చే ప్రతి చెల్లింపు మీదా పూర్తిగా పన్ను.

అడ్డప్రశ్న
ఇన్సూరెన్సు కంపెనీ యాన్యుటీ ఇంతకంటే ఎక్కువిస్తుంది కదా?

ట్రస్టీబాబు
ఇస్తుంది. ఆ రేట్లు పెట్టేదే చివర్లో ఇచ్చినదాంట్లో దాదాపు సగం కాలేజీకి మిగలాలని. పెట్టుబడిలా చూస్తే దండగ, దానంలా చూస్తే కొంత వెనక్కొచ్చే దానం. ఎవరైనా ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో పోల్చి దీన్ని అమ్మజూపితే లేచి వచ్చేయండి.

అసలు ప్రమాదం వేరు. ఆ మాట కాలేజీ ఇచ్చిన మాట, దానికి ప్రభుత్వ బీమా ఏమీ లేదు. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు నమోదు చేసుకుని విడిగా నిల్వ ఉంచమంటాయి, కొన్ని రాష్ట్రాలు అంత పట్టించుకోవు. విద్యార్థులు తగ్గిపోయి ఏటా లోటులో నడిచే చిన్న కాలేజీ అయితే ఆడిట్ లెక్కలు చూడకుండా 30 ఏళ్ళ మాట నమ్మొద్దు.

ఉత్తరంవైపు
ఇల్లు రాసిచ్చి అందులోనే ఉండటం ఎలా? మధ్యలో గెంటేస్తే?

వీలునామా_వెంకట్
గెంటలేరు. రిజిస్టరు దస్తావేజులోనే జీవితకాల హక్కు అట్టిపెట్టుకుంటారు. సొంత ఇల్లు, రెండో ఇల్లు, వ్యవసాయ క్షేత్రం దేనికైనా కుదురుతుంది. ఇచ్చిన ఏడాదే కొంత డిడక్షన్ వస్తుంది. అది వయసు, ఇంటి విలువ, ఆ నెల ప్రభుత్వ వడ్డీరేటు మీద ఆధారపడుతుంది. ఇంటి పన్ను, బీమా, కప్పు కారితే బాగుచేయడం అన్నీ మీవే. చిక్కు ఎక్కడంటే, పదేళ్ళకి మోకాళ్ళు మొరాయించి అసిస్టెడ్ లివింగ్‌కి పోవాల్సొస్తే ఇల్లు అమ్మి ఆ డబ్బు వాడుకోలేరు. మీ చేతిలో ఉన్నది జీవితకాల హక్కు ఒక్కటే, దాన్ని కాలేజీకి వదిలేయడమో, అద్దెకివ్వడమో, కాలేజీతో కలిసి అమ్మి మీ వంతు తీసుకోవడమో. అప్పు మిగిలున్న ఇల్లయితే చాలా కాలేజీలు ఒప్పుకోవు. ఇల్లొక్కటే ఆస్తిగా ఉన్నవాళ్ళు దీని జోలికి పోకపోవడం మేలు.

పన్నులపంతులు
చారిటబుల్ రిమైండర్ ట్రస్టు గురించి ఎవరూ ఎత్తలేదు. రెండు ముక్కలు: ఆస్తి ట్రస్టులో పెడితే అది మీకు ఏటా కొంత ఇచ్చి, చివర్లో మిగిలింది కాలేజీకి ఇస్తుంది. 30 ఏళ్ళ కింద కొన్న స్థలమో షేర్లో బాగా పెరిగినవాళ్ళకి. ఏటా కనీసం 5 శాతం మీకు రావాలి, జీవితాంతమో 20 ఏళ్ళ లోపో, చివర్లో మిగిలేదాని ఇప్పటి విలువ పెట్టినదాంట్లో కనీసం 10 శాతం ఉండాలి. కొనేవాడితో బేరం ఖాయమయ్యాక ట్రస్టులోకి వేస్తే ఐ.ఆర్.ఎస్. (ఫెడరల్ పన్నుల శాఖ) లాభమంతా మీదే అంటుంది. తాకట్టున్న ఆస్తి, ఎస్ కార్పొరేషన్ షేర్లు దీనికి పనికిరావు. లాయరు, ఏటేటా రిటర్ను ఖర్చులు చూస్తే చిన్న మొత్తాలకి దండగ.

కంచిగరుడసేవ
అన్నీ బాగున్నాయి గానీ మొదటి పోస్టులో అడిగిన "బిలియన్ల కాలేజీకి ఎందుకు" అనేదాన్ని అందరూ దాటేశారు. హార్వర్డ్‌కి నా వాటా లేకపోతే పూట గడవదా?

తెల్లకాగితం
ఆ హార్వర్డ్ పేరే ఒక వీలునామా దానం. 1638లో జాన్ హార్వర్డ్ తన ఆస్తిలో సగం, సుమారు 400 పుస్తకాలు అప్పటికి రెండేళ్ళ వయసున్న కాలేజీకి వదిలాడు. అప్పుడది బీద కాలేజీ. ఇప్పుడు దానికి రాయాలా అన్నది మీ ఇష్టం, రాయకపోతే పాపం తగలదు. నా ఓటైతే కమ్యూనిటీ కాలేజీలకి, చిన్న ప్రభుత్వ కాలేజీలకి. అక్కడ 50 వేలతో శాశ్వత నిధి పెట్టి ఏటా 4 శాతం తీస్తే 2,000 డాలర్లు, ఒక విద్యార్థి పుస్తకాలూ బస్సు ఖర్చులూ వెళ్ళిపోతాయి. పెద్ద కాలేజీలో అదే 2,000 ఎక్కడ పడిందో కూడా కనపడదు.

వర్జీనియాలో స్వీట్ బ్రయర్ సంగతి చూడండి. 1900లో పోయిన ఇండియానా ఫ్లెచర్ విలియమ్స్ చనిపోయిన కూతురి జ్ఞాపకంగా వీలునామాలో రాస్తే పుట్టిన కాలేజీ. 2015 మార్చిలో పాలకమండలి మూసేస్తామంది. పాత విద్యార్థినులు చందాలు పోగేశారు, కోర్టులో ఆ వీలునామానే పట్టుకుని వాదించారు. జూన్‌లో రాజీ కుదిరి కాలేజీ నిలబడింది. నూరేళ్ళు దాటిన కాగితం అక్కడ అడ్డం నిలిచింది.

నిమ్మకాయ
వీలునామా అంటే గుర్తొచ్చింది, రైస్ యూనివర్సిటీ కథ ఎవరూ చెప్పరేం? 1900లో విలియం మార్ష్ రైస్‌ని పనివాడూ ఓ లాయరూ కలిసి చంపి దొంగ వీలునామా పుట్టించారు. అది బయటపడి, అసలు వీలునామా గెలిచి, డబ్బు కాలేజీకే చేరింది. మీ బ్రోషర్లలో ఈ ముక్క వేస్తే నేనూ చదువుతా.

ఫారం706
నవ్వులాటకి అన్నా, అందులో పనికొచ్చే సంగతుంది: అసలు కాగితం ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కి (వీలునామా అమలు చేసే మనిషికి) తెలియాలి. బ్యాంకు లాకర్‌లో పెట్టి తాళం మీ దగ్గరే ఉంటే, మీరు పోయాక దాన్ని తెరవడానికే కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు.

ఉత్తరంవైపు
"ఫలానా పనికే వాడాలి" అని రాస్తే కాలేజీ వింటుందా? ఇచ్చిన తర్వాత ఎవరడుగుతారు?

వీలునామా_వెంకట్
వింటుంది, కానీ మీరు రాసిన మాట బట్టి. 1961లో రాబర్ట్‌సన్ కుటుంబం విద్యార్థుల్ని ప్రభుత్వోద్యోగాలకు, ముఖ్యంగా విదేశాంగానికి తయారుచేయాలని ప్రిన్స్‌టన్‌కి 3.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. అలా వాడటం లేదని వారసులు 2002లో దావా వేశారు, 2008 చివర్లో గానీ రాజీ కాలేదు. మధ్యలో లాయర్లు బాగుపడ్డారు. అన్నేళ్ళూ వాదన ఆ షరతుకు అర్థం ఏమిటన్నదాని మీదే.

మరీ ఇరుగ్గా రాసినా చిక్కే. ఫిలడెల్ఫియాలో స్టీఫెన్ గిరార్డ్ 1831లో పోతూ, తెల్లజాతి అనాథ బాలురకే అని బడి పెట్టించాడు. ఆ షరతు తీయించడానికి 1968 దాకా కోర్టుల్లో పోరాటం.

అందుకని వాక్యం ఇలా ఉండాలి: పని ఏదో విశాలంగా చెప్పాలి ("ఇంజనీరింగ్ చదివే పేద విద్యార్థులకు సహాయం" చాలు, "ఫలానా ల్యాబ్‌లో ఫలానా యంత్రం" వద్దు), దాని పక్కనే "ఆ పని సాధ్యం కానప్పుడు దానికి దగ్గరగా ఉన్న పనికి పాలకమండలి వాడవచ్చు" అని చేర్చాలి. స్కాలర్‌షిప్ నిధికి కాలేజీ పెట్టిన కనీస మొత్తం ముందే కనుక్కోండి. 50 వేలు కావాల్సిన చోట మీ శాతం 31 వేలకే తేలితే ఏం చేయాలో కూడా రాయండి, లేదంటే వాళ్ళే తేల్చుకుంటారు. వీలునామా రిజిస్టరు చేయకముందే ఆ పేరా కాలేజీ ఆఫీసుకి పంపితే వాళ్ళ లాయరు ఉచితంగా చూసి పెడతాడు.

లెక్కలమాస్టారు
అమెరికాలో వీలునామాని రిజిస్టరు చేయరు వెంకట్ గారూ, ఇద్దరు సాక్షులు. నోటరీ అఫిడవిట్ జతచేస్తే తర్వాత సాక్షుల్ని వెతుక్కునే పని తప్పుతుంది.

వీలునామా_వెంకట్
అవును, సంతకం చేయకముందు అని చదువుకోండి.

సగంచదువు
ఇంకో మాట. అమెరికా కాలేజీకి కాదు, ఇండియాలో చదివిన కాలేజీకి ఇలాగే రాయొచ్చా?

ఫారం706
రాయొచ్చు, కానీ ఇన్‌కమ్ టాక్సు డిడక్షన్‌కి, క్యు.సి.డి.కి అమెరికా సంస్థే ఉండాలి. కొన్ని పెద్ద కాలేజీల పూర్వ విద్యార్థులు ఇక్కడ 501(సి)(3) (పన్ను మినహాయింపున్న ధర్మసంస్థ) ఫౌండేషన్లు పెట్టారు, దాని పేరు రాస్తే సరి. నేరుగా రాస్తే, మీరు అమెరికా పౌరులైతే అక్కడ అది విదేశీ విరాళం. కాలేజీకి ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు ఉండాలి, 2020 సవరణ తర్వాత డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. నమోదు ఇవాళ ఉన్నా మీరు పోయే నాటికి ఉంటుందన్న హామీ లేదు, ప్రత్యామ్నాయంగా ఇంకో పేరు కూడా రాసి పెట్టండి.

ఇదే సందర్భంలో: ఇండియాకి శాశ్వతంగా తిరిగి వెళ్ళిపోయి, అమెరికా పౌరసత్వం లేకుండా, ఇక్కడ కంపెనీ షేర్లు వదిలేసినవాళ్ళు వినండి. మీకు 1.5 కోట్ల మినహాయింపు లేదు. 60 వేల డాలర్లు, అంతే. దాని పైన అమెరికాలో ఉన్న ఆస్తి మీద ఎస్టేట్ టాక్సు. ఆ షేర్లలో కొంత అమెరికా కాలేజీకి రాస్తే అంతమేరకు తగ్గుతుంది, కాకపోతే రిటర్నులో మీ ప్రపంచవ్యాప్త ఆస్తి విలువ చూపించాలి. చూపించకపోతే ఆ తగ్గింపు ఇవ్వరు.

రాత్రిషిఫ్ట్
60 వేలా!! ఇది వేరే చర్చగా పెట్టండి బాబూ, సగం మందికి తెలీదు.

అడ్డప్రశ్న
నేనింకా పిల్లలకే ముందు అనే పక్షం. కానీ పంతులు గారి ఐ.ఆర్.ఏ. లెక్క కాదనలేను. పిల్లల తర్వాతి వరసలో కాలేజీ పేరు పెట్టే వీలుందా? ఇలా రాసినవన్నీ తర్వాత మార్చుకోవచ్చా, కాలేజీకి ముందే చెప్పాలా?

పన్నులపంతులు
ఉంది, దాన్ని కంటింజెంట్ అంటారు. ఫారంలో రెండో గడి. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. పిల్లలు బతికుండి వద్దనుకున్నా, చనిపోయినా అప్పుడు కాలేజీకి వెళ్తుంది. వద్దనుకునే పిల్లలు తొమ్మిది నెలల్లోపు రాతపూర్వకంగా వదులుకోవాలి, ఆలోపు ఖాతాలో చెయ్యి పెట్టకూడదు.

వీలునామా_వెంకట్
వీలునామా, బెనిఫిషియరీ ఫారం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. యాన్యుటీ, రిమైండర్ ట్రస్టు, జీవితకాల హక్కుతో ఇల్లు, ఈ మూడూ సంతకం అయ్యాక వెనక్కి రావు. ట్రస్టులో ఏ కాలేజీకి చేరాలన్నది మార్చుకునే హక్కు మాత్రం రాసి పెట్టుకోవచ్చు.

కాలేజీకి చెప్పడం తప్పనిసరి కాదు. చెప్తే పేరు, గుర్తింపు సంఖ్య సరిచూస్తారు, షరతు అమలవుతుందో లేదో ముందే అంటారు. వాళ్ళిచ్చే ఇంటెన్షన్ ఫారంలో "ఇది నన్ను కట్టిపడేయదు" అన్న వాక్యం ఉందో లేదో చూసి సంతకం చేయండి. అది లేకుండా ప్లెడ్జ్ (ఇచ్చి తీరతానన్న హామీ) అని రాసుంటే మీ ఎస్టేట్ మీద బాకీ కింద నిలబడే అవకాశం ఉంది.